మల్లెపొదకు విశ్రాంతి
పెరటి మల్లె పెంపకమును, కత్తిరింపును గూర్చి రైతులకు కొన్ని మాటలు

పల్లెటూళ్లలో పెరడు గల యింట బావిగట్టున నొక మల్లెపొద కనబడుట సామాన్యము. ఎవరో యొక కొమ్మ తెచ్చి గ్రుచ్చుదురు. గిన్నెలు కడిగిన నీరు దానికి బోవును. వేసవిలో నాలుగు దినములు పూచి ఇంటి ఆడపిల్లల జడలకు సరిపోవును. తరువాత దానివంక చూచువారుండరు. అట్టి మొక్కనే పది యిరువది సెంట్లలో క్రమము తప్పక పెంచినచో, వరి చేతికి రాని వేసవి మాసములలో సంసారమునకు దినదినము రొక్కము తెచ్చిపెట్టును. క్రమము తప్పినచో పచ్చగా పెరిగి, ఎరువును నీరును మ్రింగి, పూవు మాత్రము పూయక యజమానిని మోసగించును. ఈ రెండు విధములును మేము కన్నులార చూచితిమి. అందులో రెండవది మా సలహా వలననే జరిగినది గనుక ముందుగా దానినే చెప్పెదము.

మేము చేసిన తప్పు

మేము ఉద్యోగమున ప్రవేశించిన తొలి సంవత్సరములలో నొక గ్రామమున సంఘ సభ్యుడైన రైతొకడు ఇరువది సెంట్లలో మల్లె నాటెను. అయిదడుగుల ఎడముతో సుమారు 340 మొక్కలు పట్టినవి. మొక్కలకును, నీటి గొట్టములకును సంఘమునుండి అప్పు తీసికొనెను. మూడవ యేట కార్తికమాసమున మేము పోయి చూడగా తోట నిగనిగలాడుచుండెను. మాకు సంతోషమైనది. “నీరు తగ్గనీయకుము, యూరియా కొంచెము వేయుము, మొక్క ఎంత పెరిగిన అంత పూవు” అని చెప్పి వచ్చితిమి.

ఆ తోటకు ప్రక్కనే యొక వృద్ధుని మల్లెతోట కలదు. అతడు చదువుకొనినవాడు కాడు. కార్తికము వెళ్లగనే అతడు నీరు కట్టుట మానివేసెను. ఆకులు వాడి పసుపుబారగా మేకలను తోలి మేపించెను. పుష్యమాసమున కొడవలి పట్టి పొదలన్నిటిని మోకాటి యెత్తునకు నఱికివేసెను. ఆ మోడులను చూచి, ఈ ముసలివాడు తోటను పాడుచేసికొనుచున్నాడని మేము రైతుతో నవ్వుచు ననుకొంటిమి.

ఫాల్గుణము వచ్చునప్పటికి ఆ మోడులనిండ లేత చిగుళ్లు, చిగుళ్ల కొనలనిండ మొగ్గలు వచ్చినవి. మేము మెచ్చిన తోట రొమ్ములెత్తు పెరిగి, లోపల చీకటి గ్రమ్మి, పైకొమ్మల చివరల మాత్రము అక్కడక్కడ పూచినది. చైత్ర వైశాఖములలో పెండ్లిండ్లకు పూలధర పెరిగిన దినములలో వృద్ధుని యింటినుండి గంపలు బోవుచుండగా, ఈ యింటినుండి దోసిళ్లు మాత్రమే పోయినవి. సంఘపు వాయిదా వచ్చెను. ఆ కుటుంబము పాడిగేదెను అమ్మి వాయిదా చెల్లించెను. మేము పలుకరింపబోగా ఆ యిల్లాలు కోపపడలేదు. “మీరు చెప్పినట్లే చేసితిమి బాబూ. ఆకును కొను అంగడి లేదు గదా!” అని మాత్రమనెను.

ఆ మాట మాకు నేటికిని చెవిలో వినబడుచున్నది. ఆ సాయంకాలమే వృద్ధుని గడపకు పోయి కూర్చుండి ఆయన పద్ధతి అడిగి తెలిసికొంటిమి. ఆయన చేతి పనికి గల కారణములను మేము చదివిన శాస్త్రములో వెదకగా అన్నియు దొరికినవి. లోపము శాస్త్రమున లేదు. మేము దానిని తోటలోనికి తెచ్చుకొనలేదు. మఱుసటి యేట ఆ రైతు పొదలను మేమే దగ్గఱ నుండి కత్తిరింపించితిమి. రెండు వేసవులలో బాకీ తీరినది. అమ్మిన గేదె మాత్రము తిరిగి రాలేదు. అట్టి నష్టము మఱియొక యింటికి రాకుండుటకే యీ వ్యాసము.

మొక్క స్వభావము

మల్లె ఏడాది పొడవున ఆకు నిలుపుకొను పొద. దీని శాస్త్రనామము జాస్మినమ్ సాంబాక్. 1753 లో లిన్నేయసు పండితుడు దీనిని పారిజాతముతో జేర్చి పేరుపెట్టెను. 1789 లో ఐటన్ అను వాడు మల్లెజాతిలోనికి మార్చెను. రెండును నేటికిని ఒకే కుటుంబమున నున్నవి. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2018 లో మల్లెను రాష్ట్రపుష్పముగా ప్రకటించినది. ఫిలిప్పీను దీవులవారికి 1934 నుండి ఇదియే జాతీయపుష్పము. మన రాష్ట్రమున మైలవరము ప్రాంతము మల్లెతోటలకు పేరుపొందినది.

రైతు ముఖ్యముగా తెలిసికొనవలసిన స్వభావ మొక్కటియే. మల్లె ముదురు కొమ్మపై పూయదు. ఆ యేట వచ్చిన లేత చిగురు కొననే పూయును. సామాన్యముగా ఒక్కొక్క కొనకు మూడు మొగ్గలు వచ్చును. నడిమి మొగ్గ ముందు విచ్చును. కావున ఎన్ని క్రొత్త కొనలున్న అన్ని పూవులు. పొద యెత్తుగా నుండుటవలన లాభము లేదు. కొనలు పెక్కుగా నుండవలెను. కత్తిరింపు రహస్యమంతయు దీనిలోనే యున్నది.

నేల, అంట్లు, నాటుట

నీరింకు గరపనేలయు, ఎఱ్ఱనేలయు మల్లెకు శ్రేష్ఠములు. నీరు నిలుచు బంకనేలలో వేరు కుళ్లును. సున్నపుపాలు హెచ్చుగా నున్న నేలలో ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రము పచ్చగా నిలుచును. ఇది ఇనుపధాతువు అందకపోవుట. అట్టిచోట లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కరగించి, పది పదునైదు దినముల కొకసారి ఆకు పచ్చబడువఱకు చల్లవలెను. పొలమున నీడ యుండరాదు. చెట్లనీడను మల్లె బ్రదుకును గాని పూయదు. రోజునకు సగము ప్రొద్దయినను సూటియైన యెండ తగులు చోటునే ఎంచుకొనవలెను.

మల్లెను విత్తనముతో పెంచరు. కొమ్మముక్కలతోగాని, నేల అంట్లతోగాని పెంచుదురు. వానకాలమున పూర్తిగా ముదరని కొమ్మను జానెడు పొడవున, మూడు నాలుగు కణుపు లుండునట్లు కోసి, క్రింది ఆకులు తీసివేసి, ఇసుక కలిసిన మట్టిలో రెండు కణుపులు దిగునట్లు గ్రుచ్చవలెను. చెమ్మ ఆరనీయరాదు. నాలుగైదు మాసములకు నాటుటకు సిద్ధమగును. నేల అంటుకు, పొదనుండి క్రిందికి వాలిన కొమ్మకు కణుపుక్రింద కొంచెము గాటు పెట్టి, ఆ భాగమును మట్టిలో పూడ్చి, పైన రాయి యుంచిన చాలును. వేళ్లు దిగిన పిమ్మట తల్లినుండి కోసి తీసికొనవచ్చును. కడియము ప్రాంతపు నర్సరీలయందును మొక్కలు దొరకును. ఎచ్చట కొన్నను, బాగుగా పూచిన తల్లిపొద నుండి వచ్చినదా యని అడిగి కొనవలెను. అంగడిలో గుండ్రని మొగ్గగల గుండుమల్లెకు గిరాకి మెండు. రేకులు దొంతరగా నుండు దొంతరమల్లెను ఇంటి ముందఱ వేడుకకు నాటుకొనవచ్చును. జాజి, విరజాజి వేఱుజాతులు. వాని కత్తిరింపు పద్ధతి వేఱు.

జూను మొదలు నవంబరు వఱకు నాటవచ్చును. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే లోతుగల గోతులు నెల ముందుగా త్రవ్వి ఎండకు వదలవలెను. గోతికి పది కిలోల చివికిన పశువుల ఎరువును, పిడికెడు వేపపిండియు మేలుమట్టితో కలిపి నింపవలెను. వరుసకు వరుసకు, మొక్కకు మొక్కకు అయిదేసి అడుగులు విడిచిన సెంటుకు పదునేడు మొక్కలు పట్టును. నాలుగడుగులైన ఇరువదియేడు పట్టును. దగ్గఱ నాటినవారు తొలి రెండేండ్లు సంతోషింతురు; తరువాత కోతకు మనిషి నడుచుటకు దారి లేక విచారింతురు. అయిదడుగులే మేలని మా అనుభవము.

విశ్రాంతి, కత్తిరింపు

ఇక ముఖ్యమైన పని. నవంబరు నెలాఖరున నీరు కట్టుట మానవలెను. ఆకు వాడుట చూచి భయపడనక్కఱలేదు. పొద నిద్రకు పోవుచున్నది. అయితే మొదటి యేటి లేత మొక్కలకు ఈ ఎండగట్టుట పనికిరాదు. రెండవ యేడు మొదలు చేయవలెను. ఇసుకపాలు హెచ్చుగానున్న నేలలో పొద చచ్చునంతగా ఎండనీయక, అవసరమైన నొక పలుచని తడి ఈయవచ్చును.

ఆకు పసుపుబారిన పిమ్మట గొఱ్ఱెలను మేకలను తోలి మేపించుట మన వాడుక. ఇది మంచిదే, ఆకుతో పాటు దానినంటిన పురుగును కొంత పోవును, పెంటయు నేలకు దక్కును. కాని యీమధ్య మందు చల్లిన తోటలోనికి పశువును తోలరాదు.

డిసెంబరు చివరనుండి జనవరిలోపల కత్తిరింపవలెను. నేలనుండి అడుగున్నర యెత్తున పొదను సమముగా కోయవలెను. ఎండిన కొమ్మలను, తెగులు కొమ్మలను, ఒకదానిపై నొకటి ఒఱయు కొమ్మలను మొదలంట తీయవలెను. పొద నడుమ గాలియు వెలుతురును ఆడునట్లుండవలెను. కత్తియో కత్తెరయో పదునుగా నుండవలెను. మొండి కొడవలితో కొట్టిన కొమ్మ చీలి, ఆ చీలికలో కుళ్లు ప్రవేశించును. లావు కొమ్మల కోతలకు బోర్డో ముద్ద పూయవలెను. మైలుతుత్తము ఒక కిలో, సున్నము ఒక కిలో వేఱువేఱుగా నానబెట్టి, పది లీటర్ల నీటిలో కలిపిన ఆ ముద్ద సిద్ధమగును. లోహపు పాత్రలు వాడరాదు. మట్టికుండయైనను ప్లాస్టిక్కు తొట్టియైనను వాడవలెను.

ఒక చిన్న ఉపాయము. తోటనంతను ఒకే దినమున కత్తిరించిన పూవంతయు ఒక్కసారి వచ్చి కోయుటకు చేతులు చాలవు. మూడు భాగములు చేసి, పదేసి దినముల యెడముతో కత్తిరించిన పూత వెనుకముందులుగా వచ్చును. చేతులును చాలును, ధరలోని హెచ్చుతగ్గులును కొంత సరిపడును.

కత్తిరించిన వెంటనే పాదులు గొప్పు త్రవ్వి, నాలుగైదు దినములు నేలను ఎండకు వదలి, అటుపిమ్మట ఎరువు వేసి తడి ఈయవలెను. చిగురు వచ్చి, ఇంచుమించు రెండు మాసములకు మొగ్గ కనబడును. ఫాల్గుణమునుండి పూత హెచ్చి, చైత్ర వైశాఖములలో మిక్కిలిగా నుండి, వానలు నిలద్రొక్కుకొనువఱకు సాగును.

ఎరువు, నీరు

ఎదిగిన పొదకు ఏటేట పది కిలోల పశువుల ఎరువు వేయవలెను. రసాయనిక ఎరువులలో పొదకు ఏడాదికి యూరియా 130 గ్రాములు, సూపరు ఫాస్ఫేటు 750 గ్రాములు, పొటాషు 200 గ్రాములు చాలును. దీనిని రెండు సమభాగములు చేసి, కత్తిరింపు తరువాత నొకటియు, జూను జూలైలలో నొకటియు వేయవలెను. మొదలుకు తగులకుండ జానెడు దూరమున చుట్టును వేసి మట్టి కప్పవలెను. మేము చేసిన తప్పు నెవరును మరల చేయకుందురు గాక: యూరియా యొక్కటే హెచ్చుగా వేసిన ఆకు పెరుగును, పూవు తగ్గును. భూసారపరీక్ష చేయించినవారు దాని ప్రకారము సవరించుకొనుట ఉత్తమము.

పూతకాలమున తడి తప్పరాదు. నేలనుబట్టి వారమునకు ఒకటి రెండు తడులు వలయును. ఎఱ్ఱనేల త్వరగా ఆరును. నల్లనేల తడిని పట్టియుంచును. బిందుసేద్యము గలవారికి నీరు కలిసివచ్చును, కలుపు తగ్గును. నీరు మొదలువద్ద నిలువరాదు.

పురుగులు

మొగ్గ తొలుచు పురుగు మల్లెకు మొదటి శత్రువు. ఇది లేతమొగ్గలో దూరి లోపలి రేకులు తినును. ప్రక్కప్రక్క మొగ్గలను దారములతో ఒకటిగా అల్లును. మొగ్గ ఊదారంగు తిరిగి రాలును. రెండవది మొగ్గయీగ. దీని పిల్లపురుగులు మొగ్గ అడుగుభాగమున చేరి రసము పీల్చును; మొగ్గ గులాబి ఛాయకు తిరిగి ఎదుగక వాడిపోవును. ఈ పురుగు మట్టిలో దిగి కోశస్థ దశ గడపును. కావున రాలిన మొగ్గలను, చెడిన మొగ్గలను ప్రతిదినము ఏరి కాల్చుటయు, పాదులను తఱుచు గొప్పు త్రవ్వి ఎండకు పట్టించుటయు మందుకంటె ముందు చేయవలసిన పనులు. అయిదు కిలోల వేపగింజల పప్పు దంచి, గుడ్డలో కట్టి రాత్రంతయు నీటిలో నానబెట్టి పిండి, వడగట్టి, నూఱు లీటర్లకు నీరు చేర్చి, కొంచెము సబ్బునీరు కలిపి సాయంకాలము చల్లిన మొగ్గపురుగు తొలిదశలో తగ్గును.

ఎండలు ముదిరినపుడు ఆకు అడుగున ఎఱ్ఱనల్లి చేరి సన్నని గూడు కట్టును, ఆకు పాలిపోవును. లీటరు నీటికి మూడు గ్రాముల నీటిలో కరగు గంధకము కలిపి, ఎండ తగ్గిన వేళ చల్లవలెను. వేరుకుళ్లు పట్టిన పొదను మట్టితోసహా తీసివేసి, మిగిలినవానికి నీరు పోవుదారి చేయవలెను.

ఒక హెచ్చరిక. మల్లె కోయునది తఱుచు మన యింటి ఆడవారును పిల్లలును. ఆ పూవు మఱియొక తల్లి జడలోనికి పోవును, పసిబిడ్డ ముక్కునకు తగులును. విషపు మందు చల్లి మఱునాడే కోసి అమ్ముట ధర్మము గాదు. పొట్లముపై వ్రాసిన గడువు చూడవలెను. పూత హెచ్చుగా నున్న దినములలో విషపుమందుల జోలికి పోకుండుటయే మేలు.

కోత, అమ్మకము

మల్లె రాత్రి విచ్చును. విచ్చిన పూవునకు ధర లేదు. కావున నిండుగా బలిసి, తెల్లనై, ఇంకను విచ్చని మొగ్గను వేకువనే కోయవలెను. ప్రొద్దెక్కిన కొలది మొగ్గ వాడును, బరువు తగ్గును. కోసిన మొగ్గలను నీడలో, తడిగుడ్డ పఱచిన వెదురుగంపలో నుంచవలెను. అదిమి నింపరాదు. దూరపు పట్టణమునకు పంపువారు మంచుగడ్డ యుంచిన పెట్టెలు వాడుట మంచిది.

ఇచ్చటనే చాలమంది లెక్క తప్పుదురు. ఎకరములకొలది నాటవచ్చును గాని ఒక్కొక్క మొగ్గను చేతితోనే కోయవలెను. ఆ పనియు సూర్యోదయమునకు ముందు కొలది గంటలలోనే ముగియవలెను. కూలివారు దొరకని యూర కోయని మొగ్గ విచ్చి రాలిపోవును. కావున మీ యింట వేకువన లేచు చేతులెన్నియో లెక్కించి, అందుకు తగినన్ని మొక్కలే నాటుడు. పొలము కొలతను బట్టి నాటవలదు. పెండ్లి ముహూర్తములున్న దినములలో ధర పైకెగయును. మూఢము వచ్చిన పడిపోవును. పంచాంగము చూచి ఆదాయము అంచనా వేసికొనవలెను గాని, మంచి దినమున వచ్చిన ధరను ఏడాదికంతకు గుణించి అప్పు తీసికొనరాదు.

సహకారము పనికివచ్చునది అమ్మకమునందే. ఒక్కొక్కరు రెండేసి కిలోలు పట్టుకొని బజారునకు పోయిన రానుపోను ఖర్చుకే సగము చెల్లును. ప్రొద్దెక్కినకొలది బేరగాడు చెప్పినదే ధర, పూవు సాయంకాలమువఱకు ఆగదు గదా! పదిమంది కలిసి ఒకే బండిలో పంపి, తూకము ఊరనే వేసి, ఎవరి బరువు వారి పేర వ్రాసికొని, వచ్చిన సొమ్ము పాలు ప్రకారము పంచుకొనిన ఖర్చు తగ్గును, మోసము తగ్గును. తూకపు పుస్తకమును సభ్యులెవరైనను ఏనాడైనను చూచునట్లుంచవలెను. ఆ పుస్తకము తెఱచియున్నంతకాలము ఆ పొత్తు నిలుచును.

తుదిమాట

మల్లె నాటిన మొదటి యేట ఆదాయము చూడరాదు. రెండవ యేట కొంత, మూడవ యేటినుండి నిండుగా పూయును. చక్కగా పోషించిన తోట పది పన్నెండేండ్లు నిలుచును. క్రొత్తవారు మొదట అయిదు సెంట్లలో నాటి, ఒక కత్తిరింపును ఒక వేసవిని చూచి, అటుపిమ్మట పెంచుకొనుట క్షేమము. అప్పు కావలసినవారును ఆ మేరకే తీసికొందురు గాక.

మా ముసలి గురువు నేడు లేడు. ఆయన తోట కుమారుని చేతిలో నున్నది. గత పుష్యమాసమున మేము ఆ దారిని పోవుచు చూడగా, ఆ తోటయు, మేము చెఱిపి దిద్దిన ప్రక్క తోటయు రెండును ఒకే యెత్తున కోసియుండెను. దారిని పోవు క్రొత్తవాడు ఆ మోడులను చూచి తప్పక జాలిపడును. ఆ జాలి మీకు కలిగినపుడు చేయి వెనుకకు తీయకుడు. కత్తి పదునుపెట్టి, అడుగున్నర కొలిచి, కోయుడు.